బుధవారం వస్తానన్న పోలీసమ్మ

చెన్నై పెరంబూరులో మన తెలుగువాళ్లం కలుసుకున్న ఒక ఆదివారం సాయంత్రం, తమిళనాడు పోలీసు శాఖలో ఎస్సైగా రిటైరైన ఒకావిడ చేసిన ప్రసంగం ఇది. విషయం: ప్రైమరీ స్కూలు పిల్లలకు పోలీసు మెంటరింగ్. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.

వెనకవాళ్లకి వినపడుతోందా? ఫ్యాను కట్టేయకండమ్మా, ఉక్కకి తట్టుకోలేం. నా గొంతు చాలు. విజిల్ పోయినరోజు కూడా ట్రాఫిక్ ఆపిన గొంతు ఇది.

నమస్కారం. "పిల్లలకి పోలీసు మెంటరింగ్ అనే విషయం మీద ఒక అరగంట మాట్లాడండి మేడమ్" అని నన్ను పిలిచారు. మెంటరింగ్ అనే మాటని తెలుగులో ఏమనాలి? మార్గదర్శకత్వం అంటే మా అవ్వ బతికుంటే లేచి వెళ్లిపోయేది. అందుకని ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ఒక పెద్ద మనిషి. కొందరు చిన్నపిల్లలు. వారానికి ఒకరోజు, ఒక గంట. ఆ పెద్ద మనిషి పోలీసు. ఇదీ సంగతి. ఇందులో కష్టం ఏముంది అంటారా? కష్టమంతా "వారానికి ఒకరోజు" అన్న చోటే ఉంది. అక్కడికి వస్తాను.

ముందు నేను చేసిన పాపం ఒకటి చెప్పుకోవాలి. అప్పటికి నేను కానిస్టేబుల్ అయ్యి ఏడాదైనా కాలేదు. వ్యాసర్పాడిలో ఒక సందు మొదట్లో నిలబడి ఉన్నాను. ఒకమ్మాయి గడప మీద కూర్చుని కొడుక్కి అన్నం పెడుతోంది. మూడేళ్లుంటాయేమో వాడికి. నోరు తెరవడం లేదు. నన్ను చూసి ఆ అమ్మాయి, "అదిగో పోలీసమ్మ వచ్చింది, తినకపోతే పట్టుకుపోద్ది" అంది. నేనేం చేశాను? నవ్వేసి ముందుకు పోవచ్చు కదా? పోలేదు. కళ్లు పెద్దవి చేసి, లాఠీని నేల మీద రెండుసార్లు కొట్టాను. టక్, టక్. వాడు గబగబా మూడు ముద్దలు మింగాడు. ఆ అమ్మాయి "థాంక్స్ అక్కా" అంది. నాకు భలే గర్వంగా అనిపించింది. అప్పుడు చూశాను, వాడు కూర్చున్న చోట గడప తడిసింది. వాడు ఏడవలేదు కూడా. అన్నం బుగ్గన పెట్టుకుని నన్నే చూస్తున్నాడు.

తమిళంలో పూచ్చాండి అంటారు, మనం బూచోడు అంటాం. మద్రాసులో పెరిగిన తెలుగు పిల్లలకి ఇద్దరూ తెలుసు. ఆ ఇద్దరికీ వెరవని పిల్లల కోసం పోలీసుని పిలుస్తారు. ఈ హాల్లో ఉన్న తల్లులు, బామ్మలు, నిజం చెప్పండి. ఎంతమంది పిలవలేదు? చేతులెత్తండి. చూశారా, ఒక్క చెయ్యి లేవలేదు. మగవాళ్లు నవ్వుతున్నారు గానీ, మీరూ తక్కువేం కాదు.

దీనివల్ల ఏమైపోతుంది, సరదాకి అంటాం కదా అంటారు. ఏమవుతుందో చెప్తాను. కాణుం పొంగల్ నాడు, అంటే మన ముక్కనుమ నాడు, మెరీనా చూసే ఉంటారు. ఇసుక వేస్తే రాలనంత జనం అని మనం అంటాం. అక్కడ ఆరోజు అసలు ఇసుకే కనపడదు. పిల్లలు తప్పిపోతారని పోలీసులే చేతికి పట్టీ కడతారు, దాని మీద అమ్మానాన్నల ఫోన్ నెంబరు రాస్తారు. ఒక ఏడాది అలా పట్టీ కట్టిన పిల్లాడే తప్పిపోయాడు. ఆరేళ్లవాడు. మైకులో పేరు పిలుస్తున్నాం, చొక్కా రంగు చెప్తున్నాం, తల్లి మా పక్కన కూలబడి ఏడుస్తోంది. గంటన్నర. ఎక్కడున్నాడు వాడు? మాకు ముప్పై అడుగుల దూరంలో, సుండల్ బండి కింద, అదే మన గుగ్గిళ్ల బండి. కిరోసిన్ డబ్బా వెనక ముడుచుకుని కూర్చున్నాడు. చివరికి ఆ బండాయన కాలు లాగి, "పోలీసులు పోయారా?" అని అడిగాడట. అప్పుడు తెలిసింది. మైకులో తన పేరు విన్నాడు వాడు. అమ్మ చెయ్యి వదిలేసినందుకు పట్టుకుపోవడానికి వచ్చాం అనుకున్నాడు.

చేతికి పట్టీ ఉంది. చుట్టూ అంతమంది పోలీసులం ఉన్నాం. వాడు మాత్రం మాకు కనపడకూడదని దాక్కున్నాడు. పోలీసంటే భయముంటేనే పిల్లలు దారిలో ఉంటారు అనే పెద్దమనుషులకి నేనెప్పుడూ ఈ సుండల్ బండి గురించే చెప్తాను. నడుముకి కత్తి దోపుకుని తిరిగేవాడికి లేని భయం, తప్పిపోయిన పిల్లాడికి ఉంది. ఎవరికి లాభం?

ఈ భయం మరీ ఉత్తది కూడా కాదు. అది ఒప్పుకోవాలి. మా అవ్వది నెల్లూరు దగ్గర పల్లె. మా తాత మద్రాసు కార్పొరేషన్‌లో వీధులూడ్చే పనికి వచ్చాడు, మా నాయన కూడా అదే పని. ఈ ఊరి వీధులూడ్చినవాళ్లలో మనవాళ్లు ఎంతమందో మీకు నేను చెప్పక్కర్లేదు. మా అవ్వ ఖాకీ కనపడితే తలుపేసేది. నేను పోలీసులో చేరాక, యూనిఫామ్‌లో ఇంటికి వస్తే, నన్ను గుర్తుపట్టే లోపల ఆమె చెయ్యి గొళ్లెం మీదకి పోయేది. సొంత మనవరాలు! ఎందుకవ్వా అంటే, "అలవాటు నాయనా" అనేది. ఆమె చిన్నప్పుడు వాళ్ల వీధి పక్కనే ఎరుకలవాళ్ల ఇళ్లుండేవి. తెల్లవాళ్లు 1871లో ఒక చట్టం చేశారు, కొన్ని కులాల్లో పుడితే చాలు నేరస్తుడే అని. ఆ ఇళ్ల మగవాళ్లు పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాలి. చెప్పకుండా ఊరు దాటకూడదు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఐదేళ్లు పట్టింది దాన్ని దేశమంతటా తీసేయడానికి, 1952 ఆగస్టు 31 దాకా. రాత్రిళ్లు పోలీసులు వచ్చి తలుపులు కొట్టే శబ్దం మా అవ్వకి చివరిదాకా గుర్తుంది. అలాంటి గొళ్లేలు మన ఇళ్లలో ఇంకా ఉన్నాయి. "కావల్‌దురై ఉంగళ్ నణ్బన్" అని స్టేషన్ బోర్డు మీద రాసుకున్నాం, పోలీసు మీ స్నేహితుడు అని. మంచి మాటే. బోర్డు చదివి ఎవరైనా స్నేహితులవుతారా?

సరే, ఇప్పటికి ఏమేం ఉన్నాయో చూద్దాం. మన చెన్నైలో పోలీసు బాయ్స్ క్లబ్బులు పాతవే. సిఱువర్ మన్రం అంటాం. పేదల పేటల్లో ఒక గది, ఒక క్యారమ్ బోర్డు, సాయంత్రం ట్యూషను. బాగా నడిచినచోట చాలా బాగా నడిచాయి. నడవనిచోట తాళం తుప్పు పట్టింది. ఇది కాకుండా 2022 సెప్టెంబరు 14న అప్పుడు ముఖ్యమంత్రిగా ఉన్న స్టాలిన్ గారు ఈ ఊళ్లోనే సిర్పి అనే పథకం మొదలుపెట్టారు. 100 స్కూళ్లు, స్కూలుకి 50 మంది, మొత్తం 5,000 మంది పిల్లలు. సిర్పి అంటే మన శిల్పే. పేరు వినడానికి బాగుంది. శిల్పి చేతిలో ఉలి ఉంటుందని మాత్రం నాకు గుర్తొస్తూ ఉంటుంది, అది వేరే సంగతి. కేరళవాళ్లు మనకంటే ముందు, 2010 ఆగస్టులోనే స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ అని 127 స్కూళ్లలో మొదలుపెట్టారు. అది నచ్చి కేంద్రం 2018లో దేశమంతటికీ తెచ్చింది.

వీటన్నిటిలో ఒకటి గమనించారా? సిర్పి ఎనిమిదో తరగతికి. కేంద్రం పథకం ఎనిమిది, తొమ్మిది తరగతులకి. అంటే పదమూడేళ్లు వచ్చాక. అప్పటికి భయం గడ్డకట్టి ఉంటుంది, లేదా భయం పోయి పొగరు వచ్చి ఉంటుంది. సిర్పి మొదలైన మర్నాడే, సెప్టెంబరు 15న, మదురైలో పొద్దున టిఫిన్ పథకం మొదలైంది. అది ఎవరికి? ఒకటి నుంచి ఐదు తరగతులకి. అన్నం చిన్నపిల్లలకి, పోలీసు పెద్దపిల్లలకి! నేనంటాను, ఆ ఉప్మా తినేచోట వారానికోసారి ఒక పోలీసమ్మ కూడా పళ్లెం పట్టుకుని కూర్చుంటే ఎంత ఖర్చవుతుంది? ఒక గరిటె ఉప్మా.

పాఠం చెప్పే పోలీసు, పక్కన కూర్చునే పోలీసు

ఇప్పుడు అమెరికా సంగతి కొంచెం చెప్పాలి. మా అమ్మాయి అక్కడుంది అని కాదు! ఇలాంటి పనులు వాళ్లు మొదటినుంచీ చేసి, లెక్కలు రాసిపెట్టారు. 1914లోనే న్యూయార్క్ పోలీసు కమిషనర్ ఆర్థర్ వుడ్స్ కొన్ని వీధులకి అడ్డం కట్టి, బండ్లు ఆపి, పిల్లల్ని ఆడుకోమన్నాడు. మనవాళ్లు అడ్డం కట్టేది పిల్లలు ఆడకుండా.

తర్వాత 1983లో లాస్ ఏంజెలెస్‌లో డేర్ అని ఒకటి వచ్చింది. అక్కడి పోలీసులు, స్కూళ్లు కలిసి పెట్టారు. ఐదు, ఆరు తరగతుల పిల్లల దగ్గరికి యూనిఫామ్‌లో ఒక పోలీసు వస్తాడు. 17 పాఠాలు. మత్తుమందులు ఎంత చెడ్డవో, వద్దు అని ఎలా చెప్పాలో నేర్పిస్తాడు. పిల్లలకి టీషర్టులు, సర్టిఫికెట్లు. తల్లిదండ్రులకి నచ్చింది, టీచర్లకి నచ్చింది, పోలీసులకి మరీ నచ్చింది. దేశమంతా పాకింది. తర్వాత ఏళ్ల తరబడి పరిశీలించి చూశారు. ఆ పాఠాలు విన్న పిల్లలకీ, వినని పిల్లలకీ మత్తుమందుల వాడకంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. 2003లో వాళ్ల ప్రభుత్వ ఆడిట్ సంస్థ కూడా అదే మాట రాసింది. డేర్ వాళ్లే 2009లో ఆ పాఠాలు మార్చుకున్నారు.

మరి పనిచేసింది ఏమిటి? బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ అని అక్కడ ఒక పాత సంస్థ ఉంది. ఒక పిల్లకి ఒక పెద్ద మనిషిని జతచేస్తారు. పాఠాల్లేవు. కలిసి బజారుకి పోతారు, బంతి ఆడతారు, కబుర్లు చెప్పుకుంటారు. 959 మంది పిల్లల మీద దీన్ని పరీక్షించి, 1995లో ఫలితాలు బయటపెట్టారు. సగంమందికి పెద్దవాళ్లని జత చేశారు, మిగతా సగాన్ని ఆగమన్నారు. ఏడాదిన్నర తర్వాత చూస్తే, జత దొరికిన పిల్లల్లో మత్తుమందులు మొదలుపెట్టినవాళ్లు 46 శాతం తక్కువ. స్కూలు ఎగ్గొట్టిన రోజులు 52 శాతం తక్కువ. ఒక్క ఉపన్యాసం లేకుండా! నేనిప్పుడు మీకు ఉపన్యాసమే ఇస్తున్నాననుకోండి, ఏం చేస్తాం.

ఇక్కడిదాకా వింటే బాగుంది కదా? రెండో సగం ఉంది. 2002లో ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరి పేరూ జీనే, జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్, అవే లెక్కలు మళ్లీ తిరగేశారు. ఏడాది, ఆపైన నిలబడిన జతల్లో పిల్లలకి బాగా మేలు జరిగింది. మూడు నెలల్లోపే తెగిపోయిన జతల్లో? మేలు లేకపోవడం కాదు, కీడే జరిగింది. అంతకుముందుకంటే ఆ పిల్లలకి తమ మీద తమకి విలువ తగ్గిపోయింది. అర్థమైందా? మధ్యలో వదిలేయడం అసలు మొదలుపెట్టకపోవడం కంటే ఘోరం. ఆ సంస్థే ఇప్పుడు పోలీసుల్ని పిల్లలతో జతచేసే పథకం కూడా నడుపుతోంది. నేను ఇదంతా చదివింది రిటైరయ్యాక. చదువుతుంటే నాకు ముచ్చెమటలు పట్టాయి. ఎందుకంటే ఆ మూడు నెలల తప్పు నేనూ చేయబోయాను. కొంచెంలో తప్పింది.

నేను హెడ్ కానిస్టేబుల్‌గా ఉన్నప్పుడు. ఏ స్టేషనో చెప్పను, ఏ స్కూలో చెప్పను. మా స్టేషన్‌కి నాలుగు వీధుల అవతల ప్రైమరీ స్కూలు. మా ఇన్‌స్పెక్టర్ గారు పిలిచి, "నీకు తెలుగూ వచ్చు, అక్కడ తెలుగు పిల్లలు ఎక్కువ, బుధవారాలు నువ్వు పో" అన్నారు. మూడున్నర నుంచి నాలుగున్నర. మూడు, నాలుగు తరగతుల పిల్లలు తొమ్మిది మంది. మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు పెట్టే గది ఇచ్చారు. గదంతా కందిపప్పు వాసన. రెండు ఇటుకల మీద క్యారమ్ బోర్డు. పౌడరు అయిపోతే నేను ముఖానికి రాసుకునే పౌడరు తెచ్చి చల్లేదాన్ని. ఆ కాయిన్లన్నీ మల్లెపూల వాసన వచ్చేవి.

అందులో ఒక పిల్ల. ఎనిమిదేళ్లు. రెండు జడలు, ఒక జడకే రిబ్బను. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం. తల్లి నాలుగిళ్లలో పాచిపని చేసేది. నాయన సంగతి అడిగితే ఎవరూ చెప్పేవారు కాదు. ఏడు వారాలు ఆ పిల్ల నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆడేది, గెలిచేది, పోయేది. ఎనిమిదో వారం నా పక్కకి వచ్చి నిలబడి అడిగింది.

"నీకు కొట్టడం వచ్చా?"

"వచ్చు."

"మరెందుకు కొట్టవు?"

నేనేమన్నానో చెప్పనా? ఏమీ అనలేకపోయాను. "నీ వంతు వచ్చింది, ఆడు" అన్నాను. ఏ ట్రైనింగ్‌లోనూ దీనికి జవాబు చెప్పలేదు.

ఆ తర్వాత వినాయక చవితి వచ్చింది. మీకు తెలుసు కదా, నిమజ్జనం అంటే పోలీసుకి రాత్రీ పగలూ ఉండదు. బుధవారం నన్ను కాసిమేడులో వేశారు. కెరటాల దగ్గర తాడు పట్టుకుని నిలబడ్డాను. ఆ తర్వాతి బుధవారం ఎవరో వీఐపీ వస్తున్నారని రోడ్డు మీద వేశారు. రెండు బుధవారాలు పోయాయి. కబురు పంపాలని నాకు తోచనే లేదు. తొమ్మిది మంది పిల్లలు, క్యారమ్ బోర్డు, దానికి కబురేమిటి? అదీ నా బుద్ధి.

మూడో బుధవారం పోతే హెడ్‌మిస్ట్రెస్ చెప్పింది. రెండు వారాలూ ఆ పిల్ల గేటు దగ్గర నిలబడిందట. మిగతావాళ్లు నాలుగింటికే వెళ్లిపోయారు. ఇది మాత్రం వాచ్‌మన్ తాళం వేసేదాకా, ఐదున్నర దాకా. గదిలోకి పోయాను. నావైపు చూడలేదు. బోర్డు తీస్తే స్ట్రైకర్ లేదు.

"మేడమ్, ఇది దొంగతనం. మీరు పోలీసు కదా, మీరే కనుక్కోండి" అంది అక్కడున్న టీచరు. నవ్వుతూనే అంది. తొమ్మిది మంది నా ముఖం చూస్తున్నారు. ఈమె ఇప్పుడు పోలీసా, మన బుధవారం మనిషా? నాకు ఎవరు తీశారో ఒక్క చూపులో తెలిసిపోయింది, అంత అనుభవం ఉంది. జేబులోంచి ఐదు రూపాయల బిళ్ల తీశాను, అప్పట్లో అది మందంగా ఉండేది. "స్ట్రైకర్ పోయింది, దీంతో ఆడదాం" అన్నాను. తర్వాత నేల మీద కూర్చుని చెప్పాను: "నేను వస్తానని చెప్పి రెండు వారాలు రాలేదు. బందోబస్తు పడింది. కానీ కబురు చేయలేదు. తప్పు నాది." పోలీసు ఉద్యోగంలో నేను అంతకుముందు ఎవరికైనా ఆ మాట చెప్పానా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

నాలుగు వారాలు ఆ బిళ్లతోనే ఆడాం. ఐదో వారం పోయేసరికి బోర్డు మధ్యలో స్ట్రైకర్ ఉంది. ప్లాస్టిక్ కవరులో చుట్టి, పెన్సిలు చెక్కిన పొట్టుతో సహా. ఎవరూ ఏమీ అనలేదు. ఆరోజు వెళ్లేటప్పుడు ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని, "నువ్వు రాకుంటే ఎవురూ ఆడగూడదని దాచిపెట్టినా" అంది.

చట్టం తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి చెప్తాను. ఏడేళ్ల లోపు పిల్లలు ఏం చేసినా నేరం కాదు. ఏడు నుంచి పన్నెండు మధ్య, చేసిన పని అర్థం చేసుకునే వయసు మనసుకి వచ్చిందా లేదా చూడాలి. 1860 నాటి పీనల్ కోడ్‌లోనే ఉంది ఆ మాట, ఇప్పటి న్యాయ సంహితలో 20, 21 సెక్షన్లు. ఆ టీచరు మాట విని నేను పుస్తకాల సంచులు వెతికి ఉంటే? స్ట్రైకర్ దొరికేది, నిజమే. పిల్ల దొరికేది కాదు.

అప్పటినుంచి నేను పెట్టుకున్న నియమం ఒకటే. రాలేకపోతే పొద్దున్నే స్కూలుకి ఫోను. హెడ్‌మిస్ట్రెస్ క్లాసులోకి వెళ్లి, ఈరోజు రావడం లేదు, వచ్చే బుధవారం వస్తుంది అని పిల్లలకి చెప్పాలి. బదిలీ అయినప్పుడు కూడా ఆరు వారాలు ముందు చెప్పాను. నా బదులు వచ్చే అమ్మాయిని మూడు బుధవారాలు నాతో తీసుకుపోయాను. ఆ రెండు జడల పిల్ల కొత్తామె ముందు నిలబడి మొదట అడిగింది ఏమిటో తెలుసా? "అక్కా, నీకు బందోబస్తు పడుద్దా?"

అడగకూడనిది, దాచకూడనిది

ఇది కొంచెం చేదు విషయం. చెప్పకుండా ముగిస్తే తప్పు.

వేరే స్టేషన్‌లో ఉండగా ఒక పై అధికారి నన్ను పిలిచారు. "ఆ పిల్లలకి వీధి మొత్తం తెలుసమ్మా. గంజాయి ఎవరమ్ముతున్నారో, ఎక్కడ పెడతారో మెల్లగా అడుగు. నీతో బాగా మాట్లాడతారు కదా" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. కేసులు చూపించమని ఆయన మీద ఒత్తిడి. నేను "అడగను సార్" అన్నాను. "ఆర్డర్ అనుకో" అన్నారు. "రాసివ్వండి సార్" అన్నాను. పోలీసులో పనిచేసినవాళ్లు నవ్వుతున్నారు చూడండి, ఆ మాట బలం వాళ్లకి తెలుసు. ఆయన రాసివ్వలేదు.

ఎందుకు అడగకూడదు? ఆ గంజాయి అమ్మేది పిల్ల మేనమామ కావచ్చు. పిల్ల నోటితో మేనమామని పట్టిస్తే, ఆ రాత్రి ఆ పిల్ల ఎక్కడ పడుకోవాలి? ఇన్ఫార్మర్లు కావాలంటే మాకు వేరే దారులున్నాయి. క్యారమ్ బోర్డు దగ్గర కాదు.

కానీ దీనికి తిరగేసింది కూడా ఉంది. పిల్ల తనంతట తాను, నన్ను ఫలానావాడు ముట్టుకుంటున్నాడు అని చెప్తే? అప్పుడు దాచకూడదు. పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లెవరైనా సరే చెప్పి తీరాలి, చెప్పకపోతే శిక్ష ఉంది. అందుకే పిల్లలకి "ఎవరికీ చెప్పనులే, నాతో చెప్పు" అని ఎప్పుడూ మాట ఇవ్వొద్దు. ఎప్పుడూ! "నాతో చెప్పు, నీకు సాయం చేసేవాళ్లకి మాత్రమే నేను చెప్తాను" అనండి. వాంగ్మూలం తీసుకునే పోలీసు యూనిఫామ్‌లో ఉండకూడదని ఆ చట్టమే చెప్తుంది. రాత్రిపూట పిల్లల్ని స్టేషన్‌లో ఉంచకూడదు. ప్రతి స్టేషన్‌లోనూ పిల్లల సంగతి చూడటానికి ఏఎస్సైకి తగ్గని ఒక అధికారి ఉంటారు, ఆయనెవరో ముందే తెలుసుకుని ఉండండి. 1098, అంటే పిల్లల హెల్ప్‌లైన్ ఫోన్ నెంబరు, పిల్లలకి ఎక్కాల్లాగా నోటికి రావాలి.

మిగతా జాగ్రత్తలు గబగబా చెప్తాను. తలుపు తీసే ఉండాలి. గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు. పిల్లని బండి మీద ఎక్కించుకుని ఇంట్లో దింపడాలు వద్దు. ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడాలు అసలే వద్దు, మన సంఘంవాళ్లకి ఆ జబ్బు కొంచెం ఉంది, కోప్పడకండి. ఇంకొకటి, "అల్లరి పిల్లల్ని మా దగ్గరికి పంపండి" అని స్కూలుని అడగొద్దు. అడిగితే తొమ్మిది మంది అల్లరివాళ్లనే ఏరి పంపుతారు. నెల తిరిగేలోగా వీధిలో వాళ్లకి పోలీసు కేసు పిల్లలు అని పేరు పడుతుంది. క్లాసులో చీటీలు వేసి తీయండి. ఫస్టు వచ్చే పిల్లా రావాలి, బెంచీ మీద నిలబడే పిల్లాడూ రావాలి.

యూనిఫామ్ సంగతి చాలామంది అడుగుతారు. వేసుకు పోవాలా, వద్దా? నేను మొదటి రెండు వారాలు చీరలో పోయేదాన్ని. మూడో వారం యూనిఫామ్. పిల్లలు నోరు తెరుచుకుని చూసేవాళ్లు. తర్వాత టోపీ అడిగేవాళ్లు, ఇచ్చేదాన్ని. ఒకడు పెట్టుకుని వెంటనే తీసేశాడు, "ఇదేంది అక్కా, నూనె కంపు" అని. ఇంకొకడు బెల్టు పట్టుకుని బకిల్‌లో తన ముఖం చూసుకున్నాడు. పండ్లు ఇకిలించి, నాలుక బయటపెట్టి. గడప తడిపిన ఆ మూడేళ్లవాడు నాకు ఆరోజు గుర్తొచ్చాడు. వాడికి ఇప్పుడు ముప్పై దాటి ఉంటాయి. ఎక్కడున్నాడో.

ఇక పని మాట. ఇక్కడ ఉద్యోగంలో ఉన్న పోలీసులు నలుగురు కనపడుతున్నారు, మఫ్టీలో వచ్చినా నేను పోల్చుకోగలను. వాళ్లకి బందోబస్తు తప్పదు. ఎన్నికలొస్తాయి, పండగలొస్తాయి, మంత్రులొస్తారు. కాబట్టి పోలీసుని ఒంటరిగా వదలకూడదు. తొమ్మిది మంది పిల్లలకి ఇద్దరు పోలీసులు, మీలో ఒకరు. పోలీసులిద్దరికీ ఒకేసారి డ్యూటీ పడినరోజు మీరు ఉంటారు. మీకు బందోబస్తు పడదు కదా? మీ పని గదిలో కూర్చోవడం, ఆడటం, ఓడిపోవడం. తెలుగు పిల్లలు ఉన్నచోట తెలుగులో రెండు మాటలు మాట్లాడటం.

బయట బల్ల మీద ఒక కాగితం పెట్టాను. పేరు, ఫోన్ నెంబరు, వారంలో ఏ రోజు ఖాళీ. అంతే రాయాలి. ఒక ఏడాదిపాటు ఆ రోజు రాగలిగినవాళ్లే రాయండి. రాలేం అనుకుంటే రాయకుండా టీ తాగి వెళ్లండి. నేనేమీ అనుకోను, మంచిపని చేశారనే అనుకుంటాను. జూన్, జూలైలో అమ్మాయి దగ్గరికి అమెరికా పోయేవాళ్లు ఆ సంగతి పక్కనే రాయండి. దానికి తగ్గట్టు జత కుదురుస్తాం.

పెన్ను దారంతో బల్లకి కట్టేసి ఉంటుంది. మీ మీద అనుమానం కాదు. స్టేషన్‌లో పనిచేసిన మనిషిని, చెయ్యి ఊరుకోదు.